సొరచెట్టా, ఆముదం చెట్టా? ఒకే అనువాదాన్ని నమ్మేవారి గురించి

యోనా కథ తెలియని క్రైస్తవ కుటుంబం మన కొండల్లో ఉండదు. చేప కడుపులో మూడు రోజులున్న ప్రవక్త ఎవరని అడిగితే బడిలో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఆ కథ చివర్లో ఒక మొక్క వస్తుంది. ఎండకు మాడుతున్న యోనాకు నీడ కోసం దేవుడు దాన్ని మొలిపిస్తాడు. మర్నాడు తెల్లారేసరికి పురుగు కొట్టి అది వాడిపోతుంది. పాత తెలుగు బైబిల్లో దాని పేరు సొరచెట్టు. హీబ్రూ మూలంలో ఉన్న మాట 'కీకాయోన్'. అది ఆముదం చెట్టే అయ్యుంటుందని చాలామంది పండితుల అభిప్రాయం. ఆముదం ఎంత తొందరగా ఎదుగుతుందో, దాని ఆకు ఎంత వెడల్పో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ మొక్క పేరు మీద పదహారు వందల ఏళ్ల కిందట ఒక చర్చిలో పెద్ద గొడవ జరిగింది. ఉత్తర ఆఫ్రికాలోని ఓయా పట్టణం, అంటే ఇప్పటి లిబియాలోని ట్రిపోలి. అప్పటిదాకా లాటిన్ మాట్లాడే క్రైస్తవులు గ్రీకు నుంచి వచ్చిన పాత అనువాదాన్నే చదివేవారు. అందులో సొర అని ఉండేది. జెరోమ్ అనే పండితుడు నేరుగా హీబ్రూ నుంచి కొత్తగా లాటిన్‌లోకి తెస్తూ, ఐవీ అనే తీగ పేరు పెట్టాడు. ఆ ఊరి బిషప్పు ఆరాధనలో కొత్త అనువాదం చదివేసరికి జనం లేచి నిలబడి అరిచారు. తాము చిన్నప్పటినుంచీ విన్న మాట మారిపోయిందన్నారు. పాతదే సరి అని ఒప్పుకుంటే తప్ప సంఘం నిలవని పరిస్థితి వచ్చింది. ఈ సంగతి 403లో అగస్టీన్ స్వయంగా జెరోమ్‌కు ఉత్తరం రాసి చెప్పాడు. జెరోమ్ ఊరుకోలేదు. ఆ మొక్కకు లాటిన్‌లో సరైన పేరే లేదు, నేనేం చెయ్యను అన్న ధోరణిలో జవాబు రాశాడు. అనువాదం చేసిన ప్రతివాడికీ ఈ బాధ తెలుసు.

తరువాత జరిగింది ఇంకా చిత్రం. జనం తిట్టిన జెరోమ్ అనువాదమే కాలక్రమంలో 'వల్గేట్' అయింది. 1546లో ట్రెంట్ సభలో కాథలిక్ పెద్దలు దాన్నే ప్రామాణికమని ప్రకటించారు. కొత్తదని తోసేసిన పుస్తకం వెయ్యేళ్లు గడిచాక చెయ్యి వెయ్యకూడని పుస్తకం అయింది.

ఈ వ్యాసం అలాంటి మరో పుస్తకం గురించి. ఇంగ్లీషులో 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు ఒక్కటే నిజమైన దేవుని వాక్యమనీ, మిగతావన్నీ చెడిపోయినవనీ నమ్మే క్రైస్తవులు ఉన్నారు. అమెరికాలో, ముఖ్యంగా కొన్ని బాప్టిస్టు సంఘాల్లో ఈ నమ్మకం బలంగా ఉంది. వాళ్ల వాదనను ఎగతాళి చేసి పక్కన పెట్టడం తేలిక. నేను అలా చెయ్యను. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

ముందు ఆ పుస్తకం ఎలా పుట్టిందో చూద్దాం. 1604లో హాంప్టన్ కోర్టులో జరిగిన సమావేశంలో మొదటి జేమ్స్ రాజు దానికి ఆజ్ఞ ఇచ్చాడు. దాదాపు 47 మంది పండితులు ఆరు బృందాలుగా వెస్ట్‌మినిస్టర్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో కూర్చుని పని చేశారు. అయితే వాళ్లు ఖాళీ కాగితం మీద మొదలుపెట్టలేదు. విలియం టిండేల్ 1526లో అచ్చువేసిన కొత్త నిబంధన వాళ్ల ముందు ఉంది. ఆ టిండేల్‌ను 1536లో గొంతు బిగించి చంపి, తగలబెట్టారు. కింగ్ జేమ్స్ కొత్త నిబంధనలో చాలా భాగం ఆయన మాటలే. ఒక తరం చంపిన మనిషి వాక్యాన్ని తరువాతి తరం రాజముద్రతో చదివింది.

అది బయటికి వచ్చినప్పుడు కూడా అందరూ చేతులు జోడించలేదు. అప్పటికి జనం ఇళ్లలో చదివేది జెనీవా బైబిలు. చాలామంది దాన్ని వదల్లేదు. హ్యూ బ్రాటన్ అనే హీబ్రూ పండితుడు కొత్త అనువాదం మీద మండిపడ్డాడు. అంటే కింగ్ జేమ్స్ బైబిలు కూడా ఒకప్పుడు అనుమానంతో చూసిన 'కొత్త అనువాదమే'.

అనువాదకులు రాసుకున్న ముందుమాట చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. తమ కన్నా ముందు వచ్చిన అనువాదాలను వాళ్లు కొట్టిపారెయ్యలేదు. సాదాసీదా అనువాదం కూడా దేవుని వాక్యమేనన్నారు. రకరకాల అనువాదాలు ఉండడం మేలని చెప్పారు. అర్థం తేలని చోట పక్క అంచులో ఇంకో అర్థాన్ని కూడా అచ్చువేశారు. 'మాది తప్ప మరొకటి లేదు' అన్న మాట ఆ పుస్తకం చేసినవాళ్ల నోట రాలేదు. నా విమర్శలో మొదటి మాట ఇదే. ఈ రోజు ఆ పుస్తకానికి కాపలా కాస్తున్నవాళ్లు దాన్ని రాసినవాళ్ల మాట వినడం లేదు.

పైగా వాళ్ల చేతుల్లో ఉన్నది సాధారణంగా 1611 నాటి ప్రతి కాదు. వర్ణక్రమం, విరామచిహ్నాలు, కొన్ని మాటలు సరిచేసి 1769లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు అచ్చువేసిన పాఠం. 1611 ప్రతిలో ఉన్న అపోక్రిఫా గ్రంథాలు వాళ్ల ప్రతుల్లో ఎక్కువగా కనిపించవు. 1631లో ఒక ముద్రణలో అయితే పది ఆజ్ఞల్లో వ్యభిచారం గురించిన చోట 'వద్దు' అన్న మాటే ఎగిరిపోయింది. అచ్చువేసినవాళ్లకు 300 పౌన్ల జరిమానా పడింది. కంపోజిటరు నిద్రమత్తులో ఉంటే వాక్యానికి కూడా ఆపదే.

ఇప్పుడు వాళ్ల అసలు వాదన. కొత్త అనువాదాల్లో కొన్ని వచనాలు లేవు అంటారు. ఇది అబద్ధం కాదు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం 37వ వచనం చాలా కొత్త బైబిళ్లలో అడుగున చిన్న అక్షరాల్లోకి వెళ్లింది. మార్కు సువార్త చివరి పన్నెండు వచనాల దగ్గర గీత గీసి గమనిక పెడతారు. ఊళ్లో చదువుకున్న పెద్దమనిషి వేలు పెట్టి చూస్తే 36 తరువాత 38 కనబడుతుంది. ఆయనకు అనుమానం రాకపోతేనే తప్పు. 'ఎవరు తీసేశారు?' అని అడగడం మంచి ప్రశ్న.

జవాబు వేరేవైపు ఉంది. కింగ్ జేమ్స్ కొత్త నిబంధనకు ఆధారమైన గ్రీకు పాఠం ఎరాస్మస్ 1516లో అచ్చువేసినదాని నుంచి వచ్చింది. ఆయనకు దొరికినవి కొద్ది రాతప్రతులు, అవి కూడా చాలా ఆలస్యపు కాలానివి. ప్రకటన గ్రంథానికి ఆయన దగ్గరున్న ప్రతిలో చివరి ఆకు లేదు. ఆ కొద్ది వచనాలను లాటిన్ నుంచి తానే గ్రీకులోకి మార్చి పెట్టాడు. తరువాత నాలుగో శతాబ్దపు ప్రతులు పండితుల చేతికి వచ్చాయి. సీనాయి కొండ కింద సెయింట్ కేథరిన్ మఠంలో 19వ శతాబ్దంలో బయటపడినది వాటిలో ఒకటి. వాటితో పోల్చి చూస్తే కొన్ని వచనాలు మొదట లేవనీ, నకలు రాసేవాళ్ల చేతిలో చేరాయనీ తేలింది. 1881లో ఇంగ్లండులో వచ్చిన సవరణ అనువాదం నుంచి ఈ తగువు ముదిరింది. కొందరు కావాలని తీసేశారనడం కన్నా, కొందరు భక్తితో కలిపేశారనడం నిజానికి దగ్గర. ఇది ఉపాధ్యాయులకు బాగా అర్థమవుతుంది. నేను నోటుబుక్కు అంచున ఎర్ర సిరాతో రాసిన మాటను పిల్లవాడు మళ్లీ ఎత్తి రాసేటప్పుడు జవాబులో కలిపేస్తాడు. వాడి నోటుబుక్కు చూసి రాసుకున్న పక్కవాడికి అది మొదటినుంచీ జవాబే.

1952లో అమెరికాలో సవరించిన బైబిలు వచ్చినప్పుడు, యెషయా 7వ అధ్యాయంలో 'కన్య' అన్నచోట 'యువతి' అని వేశారు. హీబ్రూలోని 'అల్మా' అన్న మాటకు పెళ్లీడు పిల్ల అనే అర్థం. ఉత్తర కరొలినాలో ఒక పాస్టరు ఆ పేజీ చించి అందరి ముందూ కాల్చాడు. ఆయన దృష్టిలో అక్కడ మారింది ఒక్క మాట కాదు, యేసు తల్లి గౌరవం. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కాని హీబ్రూ మాటకు అర్థం ఏమిటో అగ్గిపుల్ల తేల్చదు.

పీటర్ రక్‌మన్ అనే ప్రచారకుడు ఇంకా ముందుకు వెళ్లాడు. గ్రీకుకూ కింగ్ జేమ్స్ ఇంగ్లీషుకూ తేడా వస్తే ఇంగ్లీషు ప్రకారమే గ్రీకును దిద్దుకోవాలన్నాడు. వేరే భాషలవాళ్లకు కూడా ఆ ఇంగ్లీషు నుంచే అనువదించాలనే వాళ్లున్నారు. నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. దేవుడు మాట్లాడడానికి ఒక రాజ్యం భాషను, ఒక రాజు కాలాన్ని ఎంచుకుని ఆ తరువాత ఊరుకున్నాడని అంటే, సవర, కోయ, కువి మాట్లాడేవాళ్లు ఎప్పటికీ రెండో వరుసలోనే కూర్చోవాలి.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకుంటున్నారేమో. మన దగ్గరికి వద్దాం.

తెలుగు బైబిలు కూడా ఒక్కసారిగా ఆకాశం నుంచి దిగలేదు. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్లలో దెగ్రాంజ్ అనే ఆయన ఆనందరాయరు సాయంతో సువార్తలు తెలుగు చేశాడు. అందులో మూడు 1812లో సీరాంపూరులో అచ్చయ్యాయి. 1818లో ప్రిచెట్ కొత్త నిబంధన వచ్చింది. తరువాత విశాఖలోనే జాన్ హే, మరికొందరు కూర్చుని మళ్లీ దిద్దారు. అంటే మనం 'పాతది' అని పిలిచే బైబిలు వెనుక ఎన్నో కొట్టివేతలు ఉన్నాయి. అయినా వాడుక తెలుగులో వచ్చిన కొత్త అనువాదం తెరిస్తే మన పెద్దలు ముఖం తిప్పుకుంటారు. 'ఇది సంతలో మాటలాగుంది, వాక్యంలాగా లేదు' అంటారు.

కొన్నేళ్ల కిందట మా వైపు ఒక ఊళ్లో భూస్థాపనకు వెళ్లాను. ఒడిశా వైపు సవరలకు మిషనరీలు రోమన్ లిపిలో వాక్యం అచ్చువేశారు. ఒక కుర్రాడు దాన్ని చూసి తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులోకి ఎత్తి రాసుకున్నాడు. అక్కడ సమాధి దగ్గర అది చదవడం మొదలుపెట్టాడు. ముసలామె ఒకామె ఏడుపు ఆపి వింది. ఇంతలో సంఘపెద్ద తాత చెయ్యి ఎత్తి, 'ఆపరా. తెలుగులో చదువు. నల్ల పుస్తకం తియ్యి. అప్పుడే ప్రార్థన' అన్నాడు. కుర్రాడు నోటుబుక్కు మడిచి చంకలో పెట్టుకున్నాడు. వాడి ముఖం నాకు ఇంకా గుర్తుంది.

ఆ సాయంత్రం తాతతో గట్టిగానే మాట్లాడాను. ఆయన కోప్పడలేదు. 'మాస్టారూ, మీరు బడిలో చదువుకున్నారు. నాకు అక్షరం వచ్చింది ఆ పుస్తకంలోనే. రాత్రిపూట బుడ్డిదీపం దగ్గర అయ్యగారు వేలు పట్టుకుని దిద్దించారు. అంతకుముందు షావుకారు రాసిందే లెక్క. ఆ పుస్తకం చదవడం వచ్చాక వాడి చీటీ చదివాను. ఇప్పుడు అది తప్పు, ఇది ఒప్పు అంటే నా కాళ్ల కింద నేల కదిలినట్టు ఉంటుంది' అన్నాడు.

నాకు నోరు పెగల్లేదు. ఒకే అనువాదాన్ని పట్టుకున్నవాళ్లను నేను ఎగతాళి చెయ్యలేకపోవడానికి కారణం ఈ మాటే. ఆయన నమ్మింది ఒక గ్రీకు పాఠాన్ని కాదు, తనను మోసం నుంచి కాపాడిన అక్షరాలను. అమెరికా కొండప్రాంతాల పేదల ఇళ్లలో కూడా చాలాకాలం ఉన్న ఒకే ఒక్క పుస్తకం కింగ్ జేమ్స్ బైబిలే. దానిలోనే చదువు నేర్చి, దానిలోనే పుట్టినరోజులూ చావులూ రాసుకున్నారు. అలాంటి ఇంటికి వెళ్లి 'పాఠాంతరం' అంటే ఎవరు వింటారు?

అయినా తాత మాటతో నా విమర్శ పోలేదు. ఆయనకు తెలుగు అక్షరం ఇచ్చిన ధైర్యాన్ని ఆ కుర్రాడికి సవర అక్షరం ఇవ్వకూడదా? వ్యావహారిక తెలుగు కోసం పండితులతో పోట్లాడిన గిడుగు రామమూర్తి గారే పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. జనం మాట్లాడే భాష పుస్తకానికి తగదన్న మాటను ఆయన రెండు చోట్లా ఒప్పుకోలేదు. ఏటా ఆగస్టు 29న ఆయన బొమ్మకు దండ వేసే మన బడుల్లోనే, 2004 నుంచి సవర, కోయ, కువి వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చినప్పుడు, 'ఇవి చదివితే ఉద్యోగం వస్తుందా' అని అడిగినవాళ్లలో మన ఉపాధ్యాయులూ ఉన్నారు. నేనూ ఒకసారి అడిగాను.

క్రైస్తవులదే తప్పనుకోకండి. 1936లో మంగెయి గొమాంగో సవరకు సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేస్తే, దాన్ని నమ్మినవాళ్లు 24 అక్షరాలనూ దేవతలుగా పూజిస్తారు. రోమన్ పుస్తకం వాళ్లు ముట్టరు. తెలుగు లిపి సవర ఒడిశా సవరకు అందదు. మాట ఒక్కటే అయినా మూడు పుస్తకాలవాళ్లం ఒకరి ఉత్తరం ఒకరం చదువుకోలేం.

కిందటేడు యువజన కూడికలో యోనా కథ చెప్పమన్నారు. సొరచెట్టు దగ్గర ఆగి, ఓయా గొడవ చెప్పి, ఇది ఆముదం కావచ్చునట అన్నాను. తాత ముందు వరుసలోనే ఉన్నాడు. కాసేపు ఆలోచించి నవ్వాడు. 'ఆముదమే అయ్యుంటుంది. దాసరి పురుగు పడితే రాత్రికి రాత్రే ఈనెలు మిగులుతాయి. సొరకు అలా కాదు' అన్నాడు. కుర్రాళ్లు చప్పట్లు కొట్టారు. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, 'అయినా మాస్టారూ, నన్ను పెట్టేటప్పుడు మాత్రం నల్ల పుస్తకమే చదివించండి' అన్నాడు.

చదివిస్తానన్నాను. దాని తరువాత నోటుబుక్కు కూడా చదవనిస్తావా తాతా అని అడిగాను. చూద్దాంలే అన్నాడు.