వాక్యంలో మనిషి ఎక్కడ?

ఆదివాసులు రాసే వ్యాసాలు, అర్జీలు, సంఘాల నివేదికలు ఈ మధ్య బాగా పెరిగాయి. సంతోషమే. కానీ దర్శి, మార్కాపురం, గిద్దలూరు పక్కల బళ్లలో పాఠాలు చెప్పే ఆదివాసీ టీచర్లం మేము వాటిని చదువుతుంటే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతోంది. రాసింది మనవాళ్లు, వాక్యం మాత్రం కచేరీది. "సమావేశం నిర్వహించడం జరిగింది." "సమస్యలు పరిష్కరించబడవలసి యున్నవి." "భూములు అన్యాక్రాంతమైనవి." వీటిలో వ్యాకరణం తప్పని ఎవరూ అనలేరు. లేనిదల్లా మనిషి. మా విమర్శ దాని మీదే.

తెలుగు క్రియ చివర్లోనే చేసినవాళ్లు ఉంటారు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చారు. కర్తను విడిగా చెప్పకపోయినా క్రియే చెప్పేస్తుంది. ఇంత సౌకర్యం ఉన్న భాషలో "రావడం జరిగింది" అని రాస్తే, వచ్చిన మనిషి పోయి ఒట్టి రాకే మిగులుతుంది. వాన పడినట్టు, పొద్దుగూకినట్టు పనులు వాటంతట అవే జరిగిపోయినట్టుంటుంది.

భూమి అర్జీనే తీసుకుందాం. "మా పూర్వీకులకు మంజూరు చేయబడిన భూమి అన్యాక్రాంతమై యున్నది" అని ఒకరు రాస్తారు. "మా తాతకు సర్కారు ఎకరంన్నరకు డీకేటీ పట్టా ఇచ్చింది. మూడేళ్ల కిందట పక్క చేనువాళ్లు గట్టు చెరిపి దున్నుకున్నారు" అని ఇంకొకరు రాస్తారు. రెండో దాంట్లో ఎవరిచ్చారు, ఎంత, ఎప్పుడు పోయింది, ఎట్లా పోయింది, ఎవరు తీసుకున్నారు, అన్నీ ఉన్నాయి. పేదలకిచ్చిన ఇలాంటి భూమి చేతులు మారకుండా ఆపడానికే 1977లో అసైన్డు భూముల చట్టం తెచ్చారు. ఆ చట్టం కింద విచారణంటే, ఎవరి భూమి ఎవరి చేతికి పోయిందని తేల్చడమే. అర్జీలోనే ఆ ఎవరు లేకపోతే విచారణ ఎక్కడ మొదలవుతుంది?

పేరు రాస్తే ఊళ్లో బతకనిస్తారా అని అడిగేవాళ్లున్నారు. ఆ భయం ఉత్తది కాదు. నాలుగు గడపల గూడెం ఊరి పెద్దరైతుతో పెట్టుకోవడమంటే ఏమిటో మనకు తెలుసు. దానికీ తెలుగులో దారుంది. "మా చేను దున్నుకున్నారు" అంటే పేరు బయటపెట్టలేదు, కానీ మనుషులే ఆ పని చేశారని చెప్పాం. చదివినవాడు "ఎవరు?" అని అడగక తప్పదు. "ఆక్రమణకు గురైంది" అంటే ఆ ప్రశ్నే పుట్టదు.

ఇట్లా సూటిగా రాస్తే మర్యాద తక్కువవుతుందని ఇంకో అనుమానం. తెలుగులో మర్యాద "గారు"లో ఉంది, "అండి"లో ఉంది, "ఇప్పించండి" అనే అడగడంలో ఉంది. "బడినది"లో లేదు. "నీటి ఎద్దడి ఏర్పడియున్నది" కంటే "మా తండాకు ట్యాంకరు వచ్చి తొమ్మిది రోజులైందండి" అన్నదే మర్యాదగానూ ఉంది, పనికొచ్చేట్టుగానూ ఉంది.

మాట ఎంపికలోనూ ఇదే చిక్కు. ఎరుకలవాళ్ల చరిత్ర రాసేటప్పుడు "వీరు నేరస్థ జాతిగా గుర్తించబడ్డారు" అనే వాక్యం తరచూ కనబడుతుంది. గుర్తించడమంటే ఉన్నదాన్ని పోల్చుకోవడం. దొంగతనం ముందే వాళ్లలో ఉన్నట్టు, ప్రభుత్వం దాన్ని కనిపెట్టినట్టు అర్థం వస్తుంది. జరిగింది అది కాదు. తెల్లదొరల ప్రభుత్వం 1871లో నేరస్థ జాతుల చట్టం చేసింది. 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చింది. దాని కింద ఎరుకలవాళ్ల మీద దొంగల ముద్ర వేసింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలాంటి చోట్ల సెటిల్‌మెంట్లలో పెట్టింది. 1952లో గాని దేశమంతటా ఆ చట్టం పోలేదు. "ముద్ర వేసింది" అనండి, నేరం ఎవరిదో తెలిసిపోతుంది. "గుర్తించబడ్డారు" అనండి, ముద్ర మళ్లీ మనమే వేసినట్టవుతుంది.

"వీరు" సంగతీ చూడాలి. "చెంచులు నల్లమలలో నివసిస్తారు. వీరు అటవీ ఉత్పత్తులు సేకరించి జీవిస్తారు." ఎవరో బయటివాళ్లు నోట్‌బుక్కు పట్టుకుని చూసి రాసినట్టుంది. రాసింది చెంచువాళ్లయితే "మేము" అనడానికి అడ్డేముంది? తెలుగులో మేము వేరు, మనం వేరు. వినేవాణ్ని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. ఎక్కడ ఏది వాడాలో తేల్చుకుంటే ఎవరి తరఫున మాట్లాడుతున్నామో తేలుతుంది. అటవీ ఉత్పత్తులు అనే బదులు తేనె, బంక, కుంకుళ్లు, చింతపండు అంటే చదివేవాడికి అడవి కనబడుతుంది.

ఈ పోరాటం కొత్తదేం కాదు. పుస్తకాల భాష మనుషుల భాషకు దగ్గరగా ఉండాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గర పుట్టారు, పర్లాకిమిడిలో టీచరుగా చేశారు. వాడుక తెలుగు కోసం పండితులతో తలపడకముందే ఆయన సవరల మాట నేర్చుకున్నారు, సవర పిల్లలకు బళ్లు పెట్టారు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆదివాసుల నోటి మాటకు వ్యాకరణం ఉందని చూసిన మనిషే, మామూలు జనం తెలుగుకూ పుస్తకంలో చోటుండాలని వాదించాడు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని బళ్లలో తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ రోజు నివేదికలోనే "ఉత్సవం నిర్వహించడం జరిగింది" అని రాస్తే ఎట్లా?

ఇంట్లో గోరుబోలీ, ఎరుకల మాట మాట్లాడే పిల్లలకు బడి తెలుగే ఒక పరాయి మాట. దాని మీద కచేరీ తెలుగు ఇంకో పరాయి మాట. "మా నాయన తెల్లారకముందే అడివికి పొయ్యాడు" అని ఒక పిల్ల పలక మీద రాసిందనుకోండి. "అడివి"ని "అడవి" చేస్తే చేయండి, "పొయ్యాడు"ను "వెళ్లడం జరిగింది" చేయకండి. ఆ వాక్యంలో నాయన ఉన్నాడు, పొద్దుంది, పని ఉంది.

"పడు" అన్న ప్రతి మాటా వదిలేయమని కాదు. కనబడు, వినబడు, భయపడు మన మాటలే. "జరిగింది"కీ చోటుంది: పెళ్లి జరుగుతుంది, జాతర జరుగుతుంది. కోపం తెచ్చుకుని నినాదాలు నింపినా లాభం లేదు. "దోపిడీ శక్తులు" అన్నా కర్త దొరకడు. రాసింది అచ్చుకో, తహసీల్దారుకో పంపేముందు చదువురాని పెద్దవాళ్లకెవరికైనా చదివి వినిపించండి. "ఎవరు చేశారు నాయనా?" అని వాళ్లు అడిగిన ప్రతిచోటా ఆగండి, ఆ వాక్యం తిరగరాయండి.