కొయ్యలో చెక్కిన శ్లేష

ఢిల్లీ ముఖర్జీ నగరున సివిల్ సర్వీసు పరీక్షలకు చదువుకొను మన పిల్లల గదులలో, గోడకంటించిన భారతదేశపటము ప్రక్కన వేంకటేశ్వరస్వామి పటమును, దాని చట్రమున దోపిన హాల్‌టికెట్టును, ఆ కాగితపు మూలలకు పెట్టిన పసుపును చూచి నవ్వుకొనెడివారు కలరు. నాకు నవ్వు రాదు. ఇట్టి కొలువు పరీక్షలనే సుమారు 1300 ఏండ్లు నడపిన చీనాదేశమున పసుపునకు మారుగా ఉలి పట్టినారు. బిడ్డ ఉత్తీర్ణుడు కావలెనను కోరికను తలుపులపైనను మంచపుపట్టెలపైనను చెక్కించుకొన్నారు.

ఆ చెక్కడములలో ఒకటి చూడుడు: నీటిలో ఒక కొంగ, దాని చెంత తామర. మనకు కొంగ యనగానే కొంగజపము స్ఫురించును గాని, చీనాభాషలో కొంగకును దారికిని ఒకటే పలుకు, 'లూ'. తామర 'లియెన్', ఎడతెగకుండుటయు 'లియెన్'. కావున ఆ రెండును కలిసి, ఒకే దారిని వరుసగా పరీక్షలన్నియు గట్టెక్కుమను ఆశీర్వచనమగును. పింగళి సూరన రాఘవపాండవీయమున రెండు కథలను ఒక్క పద్యమున నడపినట్లు, అచటి వడ్రంగి రెండర్థములను ఒక్క పక్షిలో ఇమిడ్చినాడు.

ఇంతకన్న విడ్డూరము గబ్బిలము. ఇల్లు చొచ్చిన అపశకునమని మనము తరిమివేయు ఆ ప్రాణిని, 1941లో జాషువకవి తన కావ్యమున శివునికడకు రాయబారము పంపినాడు. చీనాలో 'ఫూ' యనిన గబ్బిలము; 'ఫూ' యనిన భాగ్యమును. ఐదింటిని చెక్కినచో దీర్ఘాయువు, ఐశ్వర్యము, ఆరోగ్యము, సద్వర్తనము, సుఖమరణము అను పంచభాగ్యములు. తలక్రిందుగా చెక్కిన మరియు మేలు: తలక్రిందగుటకును వచ్చిచేరుటకును వారి పలుకొక్కటే యగుటచే, భాగ్యము ఇంటికి వచ్చినదని యర్థము.

జెజియాంగ్ రాష్ట్రపు తుంగ్‌యాంగ్ పనివారు ఇట్టి పలకలకు రంగు పూయరు. కొయ్య వన్నెనే నిలుపుదురు. ముందు కొంగ, వెనుక ఆకు, ఆకు వెనుక అల, అన్నియు నాలుగు వ్రేళ్ల మందమైన లేని ఒక్క పలకలోనే మెట్లుమెట్లుగా లోతునకు దిగును. ఎక్కడ కొయ్య ఆవలికి తూటుపడవలెనో, ఎక్కడ పొరయంత మిగులవలెనో ఉలి పట్టిన వ్రేళ్లకే తెలియును.

మన ద్వారబంధముపై గజలక్ష్మికిని, అమరావతి స్తూపపు రాతిపై పూర్ణఘటమునకును భాష తెలియవలెనను చిక్కు లేదు. ఏనుగులు నీరు పోయుట, నిండిన కుండనుండి తామరలు పొరలివచ్చుట ఏ భాషవానికైనను కంటికే తెలియును. చీనాపని చెవికొరకు చెక్కినది. భాష రానివానికి కొంగ వట్టి కొంగయే. అది లోపమని కొందరందురు, నేననను. సూరనను తెలుగు రానివానికి ఎవడు వినిపింపగలడు?

చీనా కొలువు పరీక్షలు 1905లో రద్దయినవి. కొంగయు తామరయు గల బిళ్లలు మాత్రము, పరీక్షకు బిడ్డను పంపు ఇండ్లకు నేటికిని కానుకగా పోవుచునే యున్నవి.