కప్ప చర్మం చదివే వైద్యులు

కప్ప మూలగదు. జబ్బును దాచుకుంటుంది. అందుకే దానికి వైద్యం చేసేవాళ్ల చూపంటే నాకెంతో గౌరవం. రాత్రిపూట తిరిగే జీవి పట్టపగలు దాక్కోకుండా బయటే కదలకుండా కూర్చుందా, తొడల అడుగున ఎర్రబారిందా, వెల్లకిలా పడుకోబెడితే బోర్లా తిరగలేకపోతోందా? వాళ్ల కన్ను ముందు అక్కడికే వెళ్తుంది.

కప్ప నీళ్లు తాగేది చర్మంతోనే. వాషింగ్టన్ జాతీయ జంతుప్రదర్శనశాలలో నీలి విషకప్పలు చనిపోతుంటే వైద్యులు ఆ చర్మపు పొరల్లోనే వెతికారు. దొరికిన కైట్రిడ్ బూజుకు 1999లో జాయిస్ లాంగ్‌కోర్‌, అలన్ పెసియర్, డొనాల్డ్ నికోల్స్ పేరు పెట్టారు. చర్మంలో లవణాల రాకపోకలను చెడగొట్టి చివరికి గుండెనే ఆపేస్తుందది. నికోల్స్ బృందం కనిపెట్టిన చికిత్స ఇట్రాకొనజోల్ స్నానం: 0.01 శాతం మందునీళ్లలో రోజుకు 5 నిమిషాలు, 11 రోజులు. పసిబిడ్డకు నీళ్లు పోసినంత ఓపిక కావాలి.

మీరు కప్పను పెంచుతుంటే, అది తాగేది చర్మంతోనేనని గుర్తుంచుకుని, క్లోరిన్ తొలగించని కుళాయి నీళ్లు దాని తొట్టిలో పోయకండి.