ప్లగ్గు పట్టింది, శ్రుతి కలవలేదు

పర్లాకిమిడి చిన్న రైల్లో వచ్చి నౌపడలో దిగి, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని పెద్ద రైలెక్కిన తరానికి గేజ్ అంటే ఏమిటో పాఠం చెప్పక్కర్లేదు. చిన్న లైన్ పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు, హౌరా-మద్రాసు మెయిన్ లైన్ మీద 1676. 1900లో మొదలైన ఆ చిన్న లైన్ ఇప్పుడు బ్రాడ్‌గేజ్ అయిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పనికి ఖరగ్‌పూర్ చేరి, అక్కడే ఇళ్ళు కట్టుకున్న తెలుగు కుటుంబాల్లో ఆ మార్పిడి కథలు తెలియని ఇల్లు అరుదు. గేజ్ తేడాలో ఒక సుఖం ఉంది: కంటికి కనిపిస్తుంది. చక్రం పట్టా మీద కూర్చోదు, అంతటితో వాదన ముగుస్తుంది.

విడివిడి పలకలని వైర్లతో కలిపి శబ్దం పుట్టించే మాడ్యులర్ సింథసైజర్లలో ఆ సుఖం లేదు. ఒక కంపెనీ పలక లోంచి వచ్చిన వైరు ఇంకో కంపెనీ పలకలో చక్కగా దూరుతుంది. దీపం వెలుగుతుంది. శబ్దం కూడా వస్తుంది. పాట మాత్రం రాదు.

ఈ గొడవకి మూలమైన కంట్రోల్ వోల్టేజ్ ఏమిటో పట్టుకోవాలంటే ఖరగ్‌పూర్ పక్కనున్న విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ దాకా వెళ్తే చాలు. అక్కడ టాటా హిటాచీ ఎక్స్‌కవేటర్లు తయారవుతాయి. ఎక్స్‌కవేటర్ డ్రైవరు లీవరు కదిపితే ఆ చేతి బలం బకెట్‌కి వెళ్ళదు. లీవరు కింద పైలట్ లైన్‌లో చిన్న ఆయిల్ ప్రెషర్ మారుతుంది. ఆ చిన్న ప్రెషర్ వెళ్ళి మెయిన్ వాల్వ్ స్పూల్‌ని జరుపుతుంది. అసలు మట్టి తవ్వే పెద్ద ప్రెషర్ అప్పుడు సిలిండర్లోకి వెళ్తుంది. పని చేసేది ఒకటి, ఎంత చేయాలో చెప్పేది మరొకటి. సింథసైజర్లో ఆ చెప్పేదే కంట్రోల్ వోల్టేజ్. అది పెరిగితే స్వరం పుట్టించే ఆసిలేటర్ శ్రుతి పైకి వెళ్తుంది, ఫిల్టర్ తెరుచుకుంటుంది, ఆంప్లిఫయర్ గొంతు పెంచుతుంది. మాడ్యులర్‌లో ఈ పనులన్నీ వేర్వేరు పలకలుగా ఉంటాయి. ఏది ఎవరి మాట వినాలో వాయించేవాడు వైర్లు గుచ్చి నిర్ణయిస్తాడు.

ఎంత వోల్టేజ్‌కి ఎంత స్థాయి? ఇక్కడే ఒప్పందం కావాలి. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలో రాబర్ట్ మోగ్, సంగీతకారుడు హెర్బర్ట్ డాయిచ్‌తో కలిసి తన యంత్రం తయారుచేసినప్పుడు ఒక లెక్క పెట్టుకున్నాడు: ఒక్కో వోల్టు పెరిగితే ఒక్కో స్థాయి పైకి. మంద్ర షడ్జం నుంచి మధ్య షడ్జానికి ఒక వోల్టు, అక్కడి నుంచి తార షడ్జానికి ఇంకొకటి. ఒక స్థాయిలో పన్నెండు స్వరస్థానాలు కాబట్టి ఒక్కోదానికి సుమారు 83.3 మిల్లీవోల్టులు. ఏ కమిటీ కూర్చుని తీర్మానించిన లెక్క కాదు ఇది. ఒక తయారీదారు బల్ల మీద పెట్టుకున్న సౌకర్యం.

అదే కాలంలో కాలిఫోర్నియాలో డాన్ బుక్లా కూడా యంత్రం కట్టాడు. ఆయన 200 శ్రేణిలో ఒక స్థాయికి 1.2 వోల్టులు, అంటే ఒక్కో స్వరస్థానానికి సరిగ్గా 0.1 వోల్టు. లెక్కలు వేసేవాడికి మోగ్ పద్ధతి కన్నా ఇదే హాయి. కానీ మోగ్ కీబోర్డు వోల్టేజ్‌ని తెచ్చి బుక్లా ఆసిలేటర్‌కి ఇస్తే? ఒక వోల్టంటే అక్కడ పది స్వరస్థానాలే. షడ్జం నుంచి తార షడ్జానికి బయల్దేరిన గొంతు కైశికి నిషాదం దగ్గర నిలబడిపోతుంది. ఇది మరీ ప్రమాదకరమైన తప్పు, ఎందుకంటే కైశికి నిషాదం కూడా ఒక స్వరమే. వినేవాడికి పాట తప్పిందనిపించదు, వేరే పాటేమో అనిపిస్తుంది. తిరగేసి బుక్లా వోల్టేజ్‌ని మోగ్ లెక్కకి ఇస్తే 1.2 వోల్టులు 14.4 స్వరస్థానాలవుతాయి. తార షడ్జం దాటి, చతుశ్రుతి రిషభం కూడా దాటి, ఏ పేరూ లేని చోట ఆగుతుంది. అప్పుడు ఎవరికైనా తెలుస్తుంది. లండన్‌లో 1969లో వచ్చిన వీసీఎస్ 3 సింథసైజర్ అయితే స్థాయికి సుమారు 0.32 వోల్టు. మోగ్ వోల్టు ఒక్కటి దానికిస్తే మూడు స్థాయిలు దాటి ఎగిరిపోతుంది.

మన దేశంలో ఈ తగువు మొదట్లో ఎందుకు రాలేదో చెప్పుకోవాలి. అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో 1969లోనే మోగ్ మాడ్యులర్ ఉంది. అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియో నెలకొల్పాడు. ఆ ప్రయత్నం వెనుక గీతా సారాభాయ్ ఉన్నారు. ఆమెతో పాటు ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషీపురా ఆ యంత్రం మీద పనిచేశారు. ఆ టేపులు సంస్థ గ్రంథాలయంలో దశాబ్దాల పాటు పడి ఉంటే సంగీతకారుడు పాల్ పర్గస్ వాటిని వెతికి పట్టుకున్నాడు. 2023లో అవి రికార్డుగా బయటికొచ్చాయి. అక్కడ ఉన్నవన్నీ ఒకే ఇంటి మాడ్యూళ్ళు, ఒకే లెక్క. రెండో కంపెనీ పెట్టె పక్కకి చేరాకే సంసారం సాగక తగువులు మొదలయ్యేది.

జపాన్ నుంచి వచ్చిన పద్ధతి పూర్తిగా వేరు. 1978లో కోర్గ్ తెచ్చిన ఎంఎస్-20 లోనూ, యమహా పాత యంత్రాల్లోనూ స్థాయికి ఇంత వోల్టని ఉండదు. వోల్టేజ్ రెట్టింపైతే కంపన సంఖ్య రెట్టింపవుతుంది, అంతే. షడ్జం 1 వోల్టయితే తార షడ్జం 2, ఆ పైది 4, ఆ పైది 8. ఆసిలేటర్ లోపల కష్టమైన సర్క్యూట్ ఒకటి తప్పుతుంది, ఖర్చు తగ్గుతుంది. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఈ పద్ధతి మొదట భలే నచ్చుతుంది. తంబురా శ్రుతిలో పంచమం షడ్జానికి ఒకటిన్నర రెట్లు కదా, ఇక్కడ దాని వోల్టేజ్ కచ్చితంగా 1.5. అంతర గాంధారం 1.25. నిష్పత్తులే వోల్టులయ్యాయి.

మరి ఓడిపోయిందెందుకు? శ్రుతి మార్చాల్సి వచ్చినప్పుడు. ఒకటో శ్రుతిలో వేసుకున్న వరసని రెండో శ్రుతికి ఎత్తాలంటే మోగ్ లెక్కలో ప్రతి స్వరానికీ ఒకే మొత్తం కలిపితే చాలు. ఇంకో వైరు గుచ్చి ఓ ఆరోవంతు వోల్టు కలపడం, అంతే పని. కోర్గ్ లెక్కలో ప్రతి స్వరాన్నీ గుణించాలి. గమకం కూడా అంతే. మంద్రంలో ఒక ఊపుకి సరిపోయిన వోల్టేజ్ తారస్థాయిలో చీమ కదిలినంత కూడా కదపదు. రెండు వోల్టేజ్‌లు కలపడానికి నాలుగు రెసిస్టర్లు, ఒక ఆప్-ఆంప్ చాలు. గుణించే సర్క్యూట్‌కి డబ్బూ ఓపికా రెండూ కావాలి. సంగీతం మోగ్ వైపు మొగ్గడానికి ప్రధాన కారణం ఈ కూడిక సుఖమేనని ఈ కాలమ్ అభిప్రాయం, మోగ్ పేరు ప్రఖ్యాతులు తరవాతి మాట. కోర్గ్ వాళ్ళే ఆ రెండు లోకాల మధ్య ఎంఎస్-02 అనే మార్పిడి పెట్టె అమ్మారు.

స్వరం ఏదో చెప్పాక, ఎప్పుడు మొదలెట్టాలో కూడా చెప్పాలి. మోగ్ పాత యంత్రాల్లో మీట నొక్కితే వైరు గ్రౌండ్‌కి కలుస్తుంది. ఏఆర్‌పీ, రోలండ్ యంత్రాల్లో మీట నొక్కితే సున్నా నుంచి వోల్టేజ్ పైకి లేస్తుంది. ఒకదాన్ని నేరుగా రెండోదానికి కలిపితే మీట వదిలినప్పుడు మోగి, నొక్కినప్పుడు నోరు మూసుకునే వాద్యం తయారవుతుంది. ఒక ట్రాన్సిస్టర్‌తో తిరగేస్తే కుదిరిపోయే చిన్న పేచీ ఇది.

1996 ప్రాంతంలో జర్మనీలో డీటర్ డోఫర్ ఏ-100 పేరుతో తెచ్చిన పద్ధతి, ఇప్పుడు యూరోర్యాక్ అంటున్నది, ఈ గందరగోళాన్ని చాలావరకు సర్దింది. స్థాయికి ఒక వోల్టు, 3.5 మిల్లీమీటర్ల జాక్, ప్లస్ మైనస్ 12 వోల్టుల సప్లై. వందల కొద్దీ చిన్న తయారీదారులు దాని వెనక నడిచారు. అంతా ఒకటే అయినప్పుడు శ్రుతి ఎందుకు తప్పుతుందన్న ప్రశ్న అప్పుడే మొదలైంది.

సమాధానం విద్యాసాగర్ పార్క్‌లో ఏ ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని అడిగినా దొరుకుతుంది. ఫ్యాక్టరీల్లో ప్రెషర్, టెంపరేచర్, ఫ్లో కబుర్లన్నీ ఎక్కువగా 4 నుంచి 20 మిల్లీఆంపుల కరెంటు రూపంలో తిరుగుతాయి. వోల్టేజ్ రూపంలో పంపితే పొడుగు వైరు తన నిరోధంతో కొంత మింగేస్తుంది. కరెంటు మాత్రం లూప్ అంతటా ఒకటే. పైగా సున్నా కొలతని 4 మిల్లీఆంపులుగా పంపుతారు కాబట్టి వైరు తెగితే సున్నా కరెంటు కనిపించి వెంటనే తెలిసిపోతుంది. సింథసైజర్‌కి ఈ జాగ్రత్తలేవీ లేవు. అక్కడ సున్నా వోల్టు కూడా ఒక స్వరమే. వైరు ఊడినా ఏదో ఒకటి పాడుతూనే ఉంటుంది.

మింగేసే లెక్క ఎంత ఘోరమో చూడండి. వోల్టేజ్ ఇచ్చే పలకకి 1 కిలోఓమ్ అవుట్‌పుట్ నిరోధం, తీసుకునే పలకకి 100 కిలోఓమ్‌ల ఇన్‌పుట్ నిరోధం ఉండటం యూరోర్యాక్‌లో మామూలే. అంటే దారిలో సుమారు ఒక శాతం పోతుంది. ఫిల్టర్‌కైతే ఒక శాతం ఎవడిక్కావాలి? ఆసిలేటర్‌కి మాత్రం స్థాయికి 12 సెంట్లు, అంటే ఒక స్వరస్థానంలో ఎనిమిదో వంతు. ఆ వోల్టేజ్‌నే రెండో ఆసిలేటర్‌కి కూడా పంచితే నష్టం రెండు శాతానికి చేరుతుంది. మూడు స్థాయిలు పైకి వెళ్ళేసరికి తేడా 70 సెంట్లు. ఒక్క ఆసిలేటర్‌తో శ్రుతి చేసుకుని, కచేరీ మధ్యలో రెండో వైరు గుచ్చిన క్షణంలో మొదటిది కూడా జారిపోవడానికి కారణం ఇదే. యంత్రం చెడిపోలేదు, విచ్చిపోలేదు. కేవలం దాహంగా ఉన్న నోళ్ళు రెండయ్యాయి. అందుకే ఒక వోల్టేజ్‌ని తగ్గకుండా పలుచోట్లకి పంచే పలక, బఫర్ ఉన్న మల్టిపుల్, కొనమంటారు అనుభవజ్ఞులు. ఆ ఖర్చు దండగ కాదు.

దీనికి ఎండ తోడవుతుంది. వోల్టుకి ఒక స్థాయి అన్న సూత్రాన్ని ఆసిలేటర్ లోపల నిలబెట్టేది ఒక ట్రాన్సిస్టర్ స్వభావం: దానికిచ్చే వోల్టేజ్ 18 మిల్లీవోల్టులు పెరిగిన ప్రతిసారీ కరెంటు రెట్టింపవుతుంది. ఆ 18 అన్న అంకె మామూలు గది ఉష్ణోగ్రత దగ్గరిది. ఒక్కో డిగ్రీకి సుమారు మూడోవంతు శాతం మారుతుంది. చల్లటి గదిలో 25 డిగ్రీల దగ్గర శ్రుతి చేసిన యంత్రాన్ని ఖరగ్‌పూర్ మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల షెడ్డులోకి తెస్తే, సరిదిద్దే ఏర్పాటు లేనిపక్షంలో, స్థాయి దాదాపు 57 సెంట్లు కుంచించుకుపోతుంది. అర స్వరస్థానం దాటిన నష్టం. ఈ ఏర్పాటుకే ట్రాన్సిస్టర్ పక్కన, దాన్ని అంటుకుని, వేడికి డిగ్రీకి మూడోవంతు శాతం చొప్పున నిరోధం పెరిగే ప్రత్యేక రెసిస్టర్ పెడతారు. చవకరకం కిట్లలో దాన్ని మానేసి మామూలు రెసిస్టర్ వేస్తారు. చల్లటి దేశంలో రాసిన సమీక్ష చదివి ఇక్కడ కొనేవాళ్ళు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

కొందరికి ఈ పట్టింపంతా చాదస్తంగా తోస్తుంది. బుక్లా అభిమానులైతే మరీను: కలవకపోవడంలోంచే కొత్త శబ్దం వస్తుందంటారు. ఫిల్టర్ విషయంలో వాళ్ళ మాట నిజమే, ఎక్కువ తక్కువలు అక్కడ రుచిని మారుస్తాయంతే. తంబురా పక్కన పెట్టుకుని వాయించాలనుకునేవాడికి ఆ స్వేచ్ఛ లేదు. పవర్ విషయంలో అసలే లేదు. యూరోర్యాక్ రిబ్బన్ కేబుల్‌లో ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు. తిరగేసి గుచ్చితే, రక్షణ డయోడ్లు లేని పలకలో చిప్పులు కాలిన వాసన వస్తుంది. 15 వోల్టులకి కట్టిన పెద్ద సైజు మాడ్యూళ్ళని 12 మీద నడిపితే కొన్ని నడుస్తాయి, కొన్ని మొరాయిస్తాయి. తయారీదారు కాగితం చూడకుండా ప్రయోగం చేయకూడదు.

అన్నట్టు పార్క్‌లోని మెకానిక్ సంచిలో ఉండే ప్రాసెస్ కాలిబ్రేటర్ ఈ పనికి అద్భుతంగా సరిపోతుంది. ట్రాన్స్‌మిటర్లని సరిచూడటానికి చేసిన ఆ చేతి పెట్టె 1.000, 2.000, 3.000 అని మిల్లీవోల్టు తేడా లేకుండా వోల్టేజ్ ఇవ్వగలదు. మోగ్ లెక్క యంత్రానికి అవి మూడు షడ్జాలు. బుక్లాకైతే 1.2, 2.4, 3.6 పెట్టుకోవాలి. 4-20 లూప్‌లో 250 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 1 నుంచి 5 వోల్టులొస్తాయి. అంటే కొలిమి వేడిని నాలుగు స్థాయిల రాగంగా వినొచ్చు, మధ్యలో ఐసొలేటర్ ఉంటే. ఆసిలేటర్‌ని అరగంట వేడెక్కనిచ్చి, నిజంగా వాయించేటప్పుడు ఉండే వైర్లన్నీ గుచ్చి ఉంచి, అప్పుడు కింది షడ్జాన్ని నాబ్‌తో, పై షడ్జాన్ని స్కేల్ ట్రిమ్మర్‌తో కలుపుతూ రావాలి. ఒకటి కదిపితే రెండోది కొంచెం జరుగుతుంది. నాలుగైదు విడతలు పడుతుంది. ఆ తరవాత వాయించేటప్పుడు పై షడ్జాలు మళ్ళీ తక్కువగా పలికితే ట్రిమ్మర్‌ని వదిలేసి, ఆ వోల్టేజ్‌ని ఇంకెవరు పంచుకుంటున్నారో వైర్ల వెంట వెతకాలి.