ఆలస్యమైన ఓట్స్ ఎండుమేతకే

వానాకాలం వరికోతలు వెనకబడి, డిసెంబరు సగం దాటాక గానీ పొలం ఖాళీ కాని ఏడాదుల్లో పాడి రైతులు నన్ను అడిగే మాట ఒక్కటే: ఇప్పుడు ఓట్స్ విత్తుకోవచ్చా? విత్తుకోవచ్చనే చెబుతాను. అయితే పచ్చిమేత మీద ఆశ పెట్టుకోకుండా, మొదటినుంచీ ఎండుమేత కోసమే విత్తాలి.

అక్టోబరు, నవంబరుల్లో పడిన విత్తనానికి చలిరోజులు దండిగా దొరుకుతాయి. బాగా పిలకలు వేస్తుంది, ఒకసారి కోసినా మళ్లీ చిగురిస్తుంది. ఆలస్యమైన పైరుకు అంత వ్యవధి ఉండదు. పొద్దు సాగి, ఎండ ముదరగానే తొందరపడి కంకి వేస్తుంది. పిలకలు తగ్గుతాయి, రెండో కోత అనుమానమే. అందుకని ఎకరాకు మామూలుగా 35–40 కిలోల విత్తనం వేసే నేను, అలాంటప్పుడు 45 కిలోల దాకా వేస్తాను. కెంట్ రకమైనా, ఝాన్సీ పశుగ్రాస పరిశోధన సంస్థవారి జేహెచ్‌ఓ-822 అయినా అంతే.

ఇక కోత ఫిబ్రవరి చివరనో మార్చిలోనో పడుతుంది. మబ్బు పట్టని ఆకాశం, పొడిగాలి. గడ్డి ఆరబెట్టడానికి మనకు ఇంతకన్నా మంచి కాలం లేదు. సగం పైరు పూతకు రాగానే కోస్తాం. గింజ గట్టిపడేదాకా ఆగితే బరువు పెరుగుతుంది కానీ, కాడ పీచుబారి మాంసకృత్తులు తగ్గిపోతాయి.

పొద్దున మంచు ఆరాక కోసి, పలుచగా పరిచి, తిరగేస్తూ ఉండాలి. ఆకు ముందే గలగలమంటుంది కానీ కణుపులో తడి ఆఖరున పోతుంది. కణుపును గోటితో నొక్కి చూడనిదే నేను మోపు కట్టనివ్వను. తేమ 15 శాతానికి దిగకముందే వాము వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది, ఒక్కోసారి నిప్పే పుడుతుంది. యూరియా దగ్గరా జాగ్రత్త అవసరం. నీటి ఎద్దడిలో ఉన్న పైరుకు ఎక్కువగా వేస్తే మేతలో నైట్రేట్లు పేరుకుంటాయి. ఎంత ఎండబెట్టినా అవి పోవు.

ఇంత శ్రమ ఎందుకంటే, వరిగడ్డిలో మాంసకృత్తులు 4 శాతం దాటవు. వేళకు కోసిన ఓట్స్ ఎండుమేతలో దానికి రెట్టింపు ఉంటాయి. మే నెలలో పచ్చిమేత దొరకనప్పుడు పాలిచ్చే బర్రెను ఒట్టి వరిగడ్డితో సరిపెట్టడానికి నాకు మనసొప్పదు. నాలుగైదు తడులకు నీళ్లున్నవాళ్లు అరెకరమైనా దీనికి కేటాయించండి. బోరు మీద నమ్మకం లేనివాళ్లు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు.