భాగం – 7 : రైలు పాసు, యాత్రా రచన – ఒక విమర్శనాత్మక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తర్వాత మీరు:
• రైలు పాసు మీద చేసే ప్రయాణానికీ, మామూలు ప్రయాణానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• ఆ తేడా యాత్రా రచనలో ఎలా కనిపిస్తుందో గుర్తించగలుగుతారు.
• ఒక యాత్రా రచన విలువను నిర్ణయించడానికి ఏ ప్రశ్నలు వేయాలో తెలుసుకుంటారు.
• మీరు రోజూ తిరిగే దారిని కూడా యాత్రా సాహిత్య దృష్టితో చూడగలుగుతారు.

7.1 పరిచయం

యాత్రా రచన అనగానే మనకు దూరదేశాలు గుర్తుకొస్తాయి. ముఖ్యంగా యూరప్. ఒక్క పాసు జేబులో పెట్టుకుని పారిస్, మ్యూనిక్, వెనిస్, వియన్నా తిరిగి వచ్చిన వారి అనుభవాలను మనం ఆసక్తిగా చదువుతాం. చదివి పుస్తకం మూశాక, "మనకు అలాంటి ప్రయాణం ఎక్కడ దొరుకుతుంది?" అని అనుకుంటాం. మీలో కొందరు ఆదివారం తరగతుల కోసం హిందూపురంలోనో, పెనుకొండలోనో రైలెక్కి ధర్మవరంలో దిగుతూ ఉండవచ్చు. అది ప్రయాణమే అయినా, రాయదగిన ప్రయాణమని మీకు ఎవరూ చెప్పి ఉండరు.

ఈ అభిప్రాయం సరైనదేనా? యాత్రా రచన గొప్పతనం దూరాన్ని బట్టి వస్తుందా? ఈ భాగంలో మనం చర్చించబోయేది ఈ ప్రశ్ననే. ఇందుకోసం ముందుగా పాసు అంటే ఏమిటో స్పష్టం చేసుకుందాం.

7.2 పాసు స్వరూపం

టికెట్టు ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్లే హక్కును ఇస్తుంది. పాసు కొంత కాలంపాటు తిరిగే హక్కును ఇస్తుంది. టికెట్టులో గమ్యం ఉంటుంది, పాసులో గడువు ఉంటుంది. ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి.

యూరప్ బయట నివసించేవారి కోసం 1959లో యూరైల్ పాసు మొదలైంది. ఆ తర్వాత 1972లో యూరప్ యువతీయువకుల కోసం ఇంటర్‌రైల్ పాసు వచ్చింది. 21 ఏళ్ల వరకు వయసున్నవారు ఒక నెలపాటు 21 దేశాల్లో తిరగడానికి మొదట దాన్ని ప్రవేశపెట్టారు. ఇప్పుడు అన్ని వయసులవారికీ ఇస్తున్నారు, 30కి పైగా దేశాల్లో చెల్లుతుంది. 2018 నుంచి యూరోపియన్ యూనియన్ 18 ఏళ్లు నిండిన తన పౌరుల్లో కొందరిని ఎంపిక చేసి, డిస్కవర్ ఈయూ అనే పథకం కింద పాసును ఉచితంగా ఇస్తోంది. యువతరం పొరుగు దేశాలను కళ్లారా చూస్తే యూరప్ ఒకటన్న భావన బలపడుతుందన్నది దీని వెనక ఉన్న ఆలోచన.

అయితే పాసు ఉన్నంత మాత్రాన అన్నీ ఉచితం కావు. ఫ్రాన్సులోని టీజీవీ వంటి వేగవంతమైన రైళ్లలోనూ, రాత్రి రైళ్లలోనూ సీటు లేదా పడక కోసం అదనంగా చెల్లించాలి. చాలా పాసుల్లో ప్రయాణ దినాలకు లెక్క ఉంటుంది. నెలలో ఏడు రోజులు అని కొంటే, ఆ ఏడు రోజుల్లోనే రైలెక్కాలి.

ఈ చివరి నియమం రచన మీద ప్రభావం చూపుతుంది. డబ్బు ముందే కట్టేశాం కనుక ప్రతి రోజునూ పూర్తిగా వాడుకోవాలనిపిస్తుంది. ఉదయం ఒక దేశం, సాయంత్రం మరో దేశం. తీరా రాసేటప్పుడు ఊళ్ల పేర్లు వరసగా వస్తాయి, ఊళ్లు రావు.

7.3 కిటికీ చూపు

రైలు మనిషి చూపును ఎలా మార్చిందో వోల్ఫ్‌గాంగ్ షివెల్‌బుష్ అనే జర్మన్ పండితుడు 1977లో వెలువడిన తన గ్రంథంలో చర్చించాడు. ఆయన వాదన సారాంశం ఇది: గుర్రపు బండిలో వెళ్లేవాడు దారిలో భాగమై ఉండేవాడు. రైలు వచ్చాక బయలుదేరే చోటు, చేరే చోటు దగ్గరయ్యాయి, నడుమ ఉన్న నేల కిటికీలో కదిలే బొమ్మగా మారిపోయింది.

దీన్ని ఒక ఉదాహరణతో పరిశీలిద్దాం. ఈ కింది వాక్యాలు ఏ పుస్తకంలోవీ కావు. అభ్యాసం కోసం మనం తయారు చేసుకున్నవి.

"ఉదయం మ్యూనిక్‌లో కాఫీ తాగి రైలెక్కాం. ఆల్ప్స్ పర్వతాల అందం వర్ణించడానికి మాటలు చాలవు. మధ్యాహ్నం రెండు దాటాక వెనిస్‌లో దిగాం. రైలు ఎంత శుభ్రంగా ఉందో!"

ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఏమి లేదో చూడండి. ఆ రైలు జర్మనీలో బయలుదేరి, ఆస్ట్రియాను దాటి, బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీలోకి దిగుతుంది. కనుమ దాటాక వచ్చే స్టేషన్లలో పేరు రెండు భాషల్లో ఉంటుంది. ఇటాలియన్‌లో బోల్జానో అన్న ఊరే జర్మన్‌లో బోజెన్. ఎందుకంటే ఆ ప్రాంతం మొదటి ప్రపంచ యుద్ధం వరకు ఆస్ట్రియాది. యుద్ధం తర్వాత ఇటలీకి దక్కింది. సరిహద్దు జరిగింది, అక్కడి ప్రజల్లో చాలామంది ఇంట్లో మాట్లాడే భాష జరగలేదు. ఒక స్టేషను బోర్డు ఇంత చరిత్రను చెబుతుంటే, మన ఊహా రచయిత "మాటలు చాలవు" అని కలం పక్కన పెట్టాడు. నిజానికి చాలనిది మాటలు కావు, గమనిక.

7.4 పల్లకీలో చూసిన దారి

ఇప్పుడు రైలు లేని కాలానికి వెళదాం. మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి కాశీ వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. దారిలో రాసుకున్న వివరాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు తెలియజేస్తూ వచ్చాడు. వీరాస్వామయ్య మరణించాక, 1838లో, ఆ మిత్రుడే వాటిని 'కాశీయాత్రా చరిత్ర'గా అచ్చు వేయించాడు. దక్షిణ భారతంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది 1856లో, మద్రాసులోని రాయపురం నుంచి. అంటే ఈ యాత్ర రైలుకు పాతికేళ్లు ముందటిది.

ఆయన ప్రయాణం ముఖ్యంగా పల్లకీ మీద సాగింది. వెంట బోయీలు, పరివారం ఉన్నారు. ఇది అందరికీ సాధ్యమయ్యే ప్రయాణం కాదు. అయినా ఆ పుస్తకం ఈనాటికీ ఎందుకు విలువైనది? కాశీని వర్ణించినందుకు మాత్రమే కాదు. మజిలీ చేసిన ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, ఏ వస్తువులు దొరుకుతాయి, నీళ్లకు వసతి ఎలా ఉంది, దారి రాళ్లదా ఇసుకదా అన్న సంగతులను ఓపికగా రాసినందుకు. గమ్యం పుణ్యక్షేత్రమైనా, ఆయన నడుమనున్న ఊళ్లను దాటవేయలేదు.

ఇక్కడ మొదటి విమర్శ సూత్రం దొరుకుతుంది: యాత్రా రచనను గమ్యం దగ్గర కాక, రెండు గమ్యాల నడుమ పరీక్షించాలి. రైలు ప్రయాణానికీ ఇది వర్తిస్తుంది. పాల్ థెరూ 1975లో ప్రచురించిన 'ది గ్రేట్ రైల్వే బజార్' లండన్‌లో మొదలై ఆసియా అంతా రైళ్లలో తిరిగిన కథనం. అందులో కట్టడాల కంటే పెట్టెలో ఎదురుగా కూర్చున్న మనుషులకే ఎక్కువ చోటు ఉంది. కనుక తప్పు రైలుది కాదని మనం గ్రహించాలి.

7.5 పాసు అందరికీ ఒకటేనా?

రెండో సూత్రం ఇంకా ముఖ్యమైనది. ప్రయాణం సాగించే స్వేచ్ఛ దేని మీద ఆధారపడి ఉందో రచయిత చెబుతున్నాడా?

"ఎక్కడ దిగాలనిపిస్తే అక్కడ దిగవచ్చు" అన్నది పాసు చేసే వాగ్దానం. యూరప్ యువకుడి విషయంలో ఇది చాలావరకు నిజం. భారతీయ పాస్‌పోర్టు ఉన్న తెలుగు యువతి విషయం ఆలోచించండి. ఆమె ముందుగా షెంజెన్ వీసా తీసుకోవాలి. ఆ దరఖాస్తుతోపాటు ఎక్కడెక్కడ తిరుగుతుందో, ఎక్కడ బస చేస్తుందో, ఖర్చుకు డబ్బు ఎంత ఉందో కాగితాలతో చూపాలి. పాసు "నీ ఇష్టం" అంటుంది. వీసా "ముందే చెప్పు" అంటుంది. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే రకం పాసు కావచ్చు, ఇద్దరి ప్రయాణం మాత్రం ఒకటి కాదు.

కాబట్టి తెలుగు రచయిత యూరప్ రైలు యాత్ర రాస్తూ ఈ కాగితాల సంగతి వదిలేస్తే, అది చిన్న లోపం కాదు. తనది కాని స్వేచ్ఛను తనదిగా చెప్పుకున్నట్టు అవుతుంది. వీరాస్వామయ్య కథనంలో పల్లకీ మోసిన బోయీలు కనిపిస్తారు. నేటి యాత్రికుణ్ణి మోస్తున్నవి జీతం, సెలవు, వీసా, బ్యాంకు ఖాతా. అవీ కనిపించాలి.

7.6 మన దారిలో ఉన్న పాసు

ఇప్పుడు హిందూపురం – పెనుకొండ – ధర్మవరం మార్గానికి వద్దాం. ఈ మూడు ఊళ్లూ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. ఒకప్పుడు మీటర్ గేజి మీద చిన్న రైళ్లు నడిచిన ఈ దారి తర్వాత బ్రాడ్ గేజిగా మారింది. ఈ మార్గంలోనూ పాసు ఉంది. దాన్ని మనం సీజన్ టికెట్టు అంటాం. రెండు స్టేషన్ల మధ్య నెల రోజులో, మూడు నెలలో ఎన్నిసార్లయినా తిరగవచ్చు. 2009–10 రైల్వే బడ్జెట్టులో 'ఇజ్జత్' అనే పాసును కూడా ప్రకటించారు. నెలకు 1500 రూపాయలకు మించని ఆదాయం ఉన్న అసంఘటిత కార్మికులు, 100 కిలోమీటర్ల దూరం వరకు, 25 రూపాయలకే నెలంతా ప్రయాణించడానికి అది ఉద్దేశించింది. పేరు గమనించండి. ఇజ్జత్ అంటే మర్యాద. టికెట్టు లేదని ఎవరూ దింపేయకుండా కూర్చునే మర్యాద.

యూరప్ పాసు కొత్త చోట్లు చూపడానికి పుట్టింది. సీజన్ టికెట్టు అదే చోటికి మళ్లీ మళ్లీ తీసుకువెళ్లడానికి పుట్టింది. మొదటిదాని వెనక విహారం ఉంది, రెండోదాని వెనక బతుకుతెరువు, చదువు ఉన్నాయి. అందుకే మొదటిది సాహిత్యమైంది, రెండోది కాలేదు. ఈ విభజనను ప్రశ్నించడం విమర్శకుడి బాధ్యత.

ఈ దారిలో రాయడానికి ఏముందని మీరు అడగవచ్చు. పట్టుగూళ్ల మార్కెట్టు ఉన్న హిందూపురం ఒక కొసన, పట్టుచీరలు నేసే ధర్మవరం మరో కొసన ఉన్నాయి. నడుమ పెనుకొండ. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న దుర్గం అది. హిందూపురం దాటి బెంగళూరు వైపు సాగితే గౌరీబిదనూరులో స్టేషను బోర్డు మీద కన్నడం వస్తుంది. పెట్టెలో మాటలు మాత్రం ఆ గీతను లెక్కచేయవు. తెలుగులో మొదలైన బేరం కన్నడంలో ముగుస్తుంది. బోల్జానో బోర్డు దగ్గర మన ఊహా రచయిత జారవిడిచిన విషయం ఇదే. ఇంటి దగ్గర దీన్ని గమనించినవారు అక్కడా గమనించగలరు.

పెనుకొండ మరో పాఠం కూడా చెబుతుంది. ఈ ఊళ్లో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్న వయసులోనే, ఆ కోట వైభవాన్నీ శిథిలస్థితినీ చూసి 'పెనుగొండ లక్ష్మి' కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు ఆ కావ్యమే పాఠ్యగ్రంథంగా ఉండేది. రోజూ కళ్లముందు ఉన్న రాళ్లు పాఠ్యపుస్తకం కాగలవని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

7.7 ఒక అభ్యంతరం

"పరిచయమైన దారిలో ఆశ్చర్యం ఉండదు, ఆశ్చర్యం లేనిదే యాత్రా రచన లేదు" అని కొందరు వాదించవచ్చు. ఈ వాదనలో బలం ఉంది. అపరిచితమైన చోట కన్ను చురుకవుతుంది. పేదరికపు ప్రయాణాన్ని గొప్పగా చూపి, దూరం వెళ్లాలన్న కోరికను చిన్నబుచ్చడం కూడా సరికాదు. సీజన్ టికెట్టు మీద నిలబడి ప్రయాణించేవారికి వెనిస్ చూడాలన్న కోరిక ఉండటంలో తప్పేమీ లేదు. ఆ అవకాశం వారికీ రావాలి.

అయితే ఆశ్చర్యానికి కాలపరిమితి ఉంది. పాసు యాత్రికుడు ఒక ఊరిని ఒకసారి చూస్తాడు. అందులో మార్పు అతనికి తెలియదు. సీజన్ టికెట్టు మీద తిరిగేవారు అదే పొలాన్ని నాట్లప్పుడూ, కోతప్పుడూ, బీడుగా ఉన్నప్పుడూ చూస్తారు. నిన్న ఎదుటి సీట్లో కూర్చున్న మనిషి ఈరోజు రాలేదని గమనిస్తారు. పాసు యాత్రికుడికి వైశాల్యం దక్కితే, వీరికి కాలం దక్కుతుంది. మంచి యాత్రా రచనకు రెండూ కావాలి.

7.8 సారాంశం

పాసు తిరిగే హక్కును ఇస్తుంది, చూసే శక్తిని ఇవ్వదు. కనుక యాత్రా రచనను చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. గమ్యాల నడుమ ఉన్న దారి ఇందులో ఉందా? రచయిత స్వేచ్ఛ దేని మీద నిలబడిందో కనిపిస్తోందా? ఎదుటి సీట్లోని మనిషి మాట వినిపిస్తోందా? ఈ మూడింటికీ జవాబు ఉన్న రచన వెనిస్ గురించినదైనా, పెనుకొండ గురించినదైనా మంచి యాత్రా రచనే. జవాబు లేనిది ఎన్ని దేశాలు దాటినా ఊళ్ల పేర్ల జాబితాగానే మిగులుతుంది.

7.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. టికెట్టుకూ పాసుకూ గల తేడాను తెలిపి, అది యాత్రా రచనను ఎలా ప్రభావితం చేస్తుందో వివరించండి.
2. 'కాశీయాత్రా చరిత్ర' విలువను ఈ భాగంలోని మొదటి సూత్రం ఆధారంగా సమీక్షించండి.
3. "ఒకే పాసు అందరికీ ఒకే ప్రయాణం కాదు." చర్చించండి.
4. ఈసారి తరగతులకు వచ్చేటప్పుడు మీరు ఎక్కిన బస్సు లేదా రైలు గురించి ఒక పుట రాయండి. బయలుదేరిన ఊరినీ, చేరిన ఊరినీ వర్ణించకండి. నడుమ ఉన్నది మాత్రమే రాయండి.