జలపాతం దగ్గర ఆగిన ఆట

తమ్ముడూ, నిన్న రాత్రి మళ్ళీ కాంట్రా ఆట ఫైలు తెరిచాను. 1,31,088 బైట్లు. రెండు వేసవుల కేకలు, చెమట పట్టిన అరచేతులు, అమ్మ తిట్లు, మామిడి టెంకల వాసన, అన్నీ కలిపి అంతేనట! ఫోన్‌లో ఉన్న నీ ఫోటో ఒక్కటే ఇంతకు ఇరవై రెట్లు చోటు తీసుకుంటుంది.

నువ్వు వెళ్ళిపోయాక మొదలైంది నాకీ ఏరుకోవడం. వాన వెలిసిన పెరట్లో రాలిన పున్నాగపూలు ఏరుకున్నట్టు, ఎక్కడెక్కడి నుంచో ఒక్కో ఆట తెచ్చి ఒడిలో పోసుకున్నాను. సేకరించేవాళ్ళు ప్రతి ఫైలు పేరు పక్కనా ఒక గుర్తు పెడతారు. ఆశ్చర్యార్థకం ఉంటే అసలు క్యాసెట్‌తో అక్షరం తేడా లేని ప్రతి. ‘హెచ్’ ఉంటే ఎవరో చెయ్యి పెట్టి మార్చినది. ‘బి’ ఉంటే చెడిపోయినది. అందరూ ఆశ్చర్యార్థకం కోసం వెతుకుతారు. నేను మాత్రం మాసిపోయినవీ మార్చేసినవీ వెతుక్కుంటాను. మనకి దొరికిందే మాసిన ప్రతి కదరా!

1983 జులై 15న జపానులో ఫ్యామికామ్ అనే ఆటల యంత్రం పుట్టింది. బీసెంట్ రోడ్డులో నాన్న కొన్నది దానికి నకలు. అందులో దూర్చిన పసుపుపచ్చ క్యాసెట్టు నకలుకి నకలు. 9999 ఆటలన్నాడు కొట్టువాడు. నువ్వు నోట్‌బుక్కులో గీతలు గీసి లెక్కపెట్టావు. నాలుగో పేజీ దాటకముందే అవే ఆటలు కొత్త అంకెలు తగిలించుకుని తిరిగొచ్చాయి. చేసినవాళ్ళ పేర్లు మొదటి తెర మీద చెరిపేసి ఉండేవి. మియమోటో అనే మనిషి ఉన్నాడనీ, ఆ మారియో నడకకి కోజి కొండో బాణీ కట్టాడనీ మనకెవరు చెప్పారు? చెట్టు పేరు తెలియకుండానే దాని నీడలో పెరిగాం.

ఇప్పుడు తెలిసింది, నీకు చెప్పాలనుంది. మారియో మొత్తం నలభై కిలోబైట్లురా. చోటు చాలక ఆకాశంలోని మబ్బునే దించి, ఆకుపచ్చ పూసి, నేల మీద పొదగా నాటారు. బొమ్మ ఒకటే, రంగే వేరు. ఆ పేదరికంలో ఎంత చక్కదనం! ఇది విని ఉంటే నువ్వు లేచి వెళ్ళి టీవీ అద్దానికి ముక్కు ఆనించేవాడివి.

ఆ యంత్రం పని చేసుకునే జ్ఞాపకం రెండు కిలోబైట్లు. మన స్కోరూ, మన లైఫులూ, చేరిన స్టేజీ, అన్నీ ఆ పిడికెడు చోటులోనే. సాయంత్రం ఆరింటికి కరెంటు పోయేది. డయనోరా టీవీ నడిమధ్య తెల్లచుక్కలా ముడుచుకుని ఆరిపోయేది. మనం గెలిచినదంతా గాలిలో కలిసిపోయేది. నువ్వు చీకట్లో ఏడ్చేవాడివి. నేను విసనకర్రతో విసురుతూ, రేపు మళ్ళీ ఆడదాంలేరా అనేదాన్ని. ఆ మాట ఎంత ధైర్యంగా అనేదాన్నో!

క్యాసెట్టు పలక్కపోతే ఊది పెట్టేవాళ్ళం. ఊదితే లోపలి రాగి కొసలకి తేమ తగిలి ఇంకా పాడవుతాయట. బయటికి తీసి మళ్ళీ గుచ్చడమే దాన్ని బతికించేదట. అయినా నీ ఊపిరే బతికించిందని నా నమ్మకం, ఇప్పటికీ.

బాతుల ఆట కూడా దొరికింది. ప్రతి తప్పులేనిది, ఒక్క బైటూ పోలేదు. కానీ బాతు రాలదు. తుపాకీ మీట నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని గడి మెరిసేది. తుపాకీ కన్ను ఆ వెలుగును అప్పటికప్పుడే పట్టుకునేది. పాత పిక్చర్ ట్యూబు ఆ వెలుగును తక్షణం పంపేది. గోడకి తగిలించిన ఈ పలచటి టీవీలో బొమ్మ ఆలస్యంగా వస్తుంది, అప్పటికే తుపాకీ కన్ను మూసుకుని ఉంటుంది. ఫైలు భద్రం, వేట శూన్యం. వీణ ఉంది, తీగెలు ఉన్నాయి, నాదాన్ని మోసే గాలే లేదు.

ఎన్నెన్ని ఇలా! అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో నూటికి ఎనభై ఏడు ఇవాళ అంగట్లో దొరకవని 2023లో అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. చట్టం ఒప్పుకోని ఈ ప్రతులు కూడా లేకపోతే అవి ఎక్కడ ఉండేవి? నాకు కోపమొస్తుంది. పుట్టిన ప్రతి ఆటనీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకోవాలి కదా.

కాంట్రాలో ఆ మంత్రం గుర్తుందా? పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. ముప్పై లైఫులు. గ్రేడియస్ అనే ఆటని పరీక్షించడానికి తనకే కష్టమై హషిమోటో అనే ఆయన రాసుకున్న దొడ్డిదారి అది. 2020 ఫిబ్రవరిలో ఆయనా పోయాడు. ఇద్దరి ఆటకి స్టార్ట్‌కి ముందు సెలెక్ట్ నొక్కాలి. నిన్న కూడా నొక్కాను. వేళ్ళకి వేరే దారి తెలియదు.

నీలం ప్యాంటు నాది, ఎర్ర ప్యాంటు నీది. నీ లైఫులు అయిపోతే నా ఖాతాలోంచి తీసుకోవచ్చు, ఆట ఒప్పుకునేది. “ఒక్క లైఫ్ ఇవ్వవే అక్కా!” అని అరిచేవాడివి, అడిగేలోపే నొక్కేసేవాడివి. నేను నీ నెత్తిన మొట్టేదాన్ని. ఆస్పత్రి వరండాలో ఆ రాత్రంతా నా బొటనవేలు ఆ బటన్ కోసం తడుముకుంది.

నిన్న రాత్రి ఒక చేత్తో నిన్నూ, ఒక చేత్తో నన్నూ నడిపించి, మెల్లగా రెండు స్టేజీలు దాటించాను. మూడోది జలపాతం. రాతి మెట్ల మీద ఎగురుతూ పైకెళ్ళాలి. ఒకరు పైకెళితే తెర కూడా పైకి జరుగుతుంది. కింద మిగిలినవాడు తెర అంచుకి చిక్కి చనిపోతాడు. ఎన్నిసార్లు నిన్నలా చంపానో! నువ్వు రిమోటు విసిరేసి అమ్మ దగ్గరికి పరిగెత్తేవాడివి.

ఇప్పుడు ఆటని ఎక్కడంటే అక్కడ దాచుకోవచ్చు, కరెంటు పోయినా పోదు. జలపాతం మొదట్లోనే దాచాను. నీళ్ళు దూకుతూనే ఉన్నాయి. నీలం ప్యాంటు పక్కన ఎర్ర ప్యాంటు నిలబడి ఉంది. నేను ఎగరలేదు.